వెనక రెండు దెబ్బలు

జ్ఞానయ్యంత పిరికివాడు లారీ డ్రైవరెలా అయ్యాడో చిల్లకల్లులో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టదు. ఉరిమితే టీవీ ప్లగ్గు పీకేసి గోడవార నుంచుంటాడు. సూది అంటే ఆస్పత్రి గుమ్మంలోనే కళ్ళు తిరుగుతాయి. పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టగానే ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాడట. ఆ ఫొటో ఇవాళ్టికీ ఇంట్లో గోడకుంది. పక్కన భార్య దేవమణి నిండుగా నవ్వుతుంటుంది, ఈయనగారేమో భోజనానికి ముందు ప్రార్థన చేస్తున్నట్టు ఉంటాడు. అలాంటి మనిషి పాతికేళ్ళుగా క్వారీ టిప్పర్ తోలుతున్నాడంటే నమ్ముతారా? తోలుతున్నాడు మరి. ఇన్నేళ్ళలో ఒక్క కోడిపిల్లని కూడా తొక్కలేదు. జ్ఞానయ్య బండి వెనకాల పడితే పెళ్ళికి బయల్దేరినవాళ్ళు సీమంతానికి చేరతారని తోటి డ్రైవర్లు ఏడిపిస్తారు. ఏడిపిస్తే ఏడిపించనీ, నెమ్మదిగానే పోతాడు.

"ధైర్యవంతులైన డ్రైవర్లని చాలామందిని చూశా. వాళ్ళ ఫొటోలకి దండలున్నాయి. నాకు ఈ పిరికోడే కావాలి" అనేది బసవమ్మగారు.

బసవమ్మగారంటే ఆ బళ్ళ యజమానురాలు. జగ్గయ్యపేట పక్క కొండల్లో రాయి కొడతారు కదా, ఆ రాయినీ కంకరనీ నందిగామ దాకా, ఆ పైకీ మోసేవి వాళ్ళ బళ్ళే. ఒక్క లారీతో మొదలైన కుటుంబం. మొదలుపెట్టినాయన, ఆవిడ భర్త, స్కూటర్ మీద ఇంటికొస్తూ రోడ్డు మీద ప్రాణం వదిలాడు. ఆయన్ని ఏ లారీ గుద్దలేదు. చెడిపోయి ఆగిన లారీ ఏదో టైరు కింద రాయి పెట్టుకుని, బాగయ్యాక ఆ రాయిని రోడ్డు మీదే వదిలేసి తన దారిన తను పోయింది. మసక చీకట్లో ఈయన స్కూటర్ దాని మీదికెక్కింది. అప్పటికి కొడుకు తిరుపతిరావు ఇంకా నిక్కర్లేసుకునే పిల్లాడు.

అప్పట్నుంచీ తమ బళ్ళ షెడ్డులో ఒక పద్ధతి పెట్టింది బసవమ్మగారు. ప్రతి బండికీ దాని సొంత అడ్డురాయి ఉండాలి. దారిలో దొరికిన రాయిని పెట్టకూడదు, దొరికిన రాయిని మళ్ళీ ఎవడు ఎక్కించుకుంటాడు? సొంత రాయైతే వదిలి రావడానికి మనసొప్పదు. క్యాబిన్ వెనక ఆ రాయికో ఇనప తొట్టి. దసరాకి బండికి పూజ చేసేటప్పుడు స్టీరింగుకి పెట్టినట్టే రాయికీ పసుపు కుంకం పెట్టాలి. జ్ఞానయ్య క్రైస్తవుడు, పసుపంటే మొహమాటపడి, చీకట్లోనూ కనపడుతుందని తన రాయికి తెల్లగా సున్నం కొట్టుకున్నాడు. "మీ దేవుడేం కోప్పడడులేరా" అంటూ ఆ సున్నం మీదే బొట్టు పెట్టేసిందావిడ. జ్ఞానయ్య కూతురు రూబీ చిన్నప్పుడు బండి ఇంటి ముందు ఆగితే చాలు, ఆ తెల్లరాయి దింపించుకుని దాని మీద కూర్చుని అన్నం తినేది. కంచంలో పప్పు సగం రాయికే పెట్టేది.

సాయంత్రం బండి షెడ్డులోకి రాగానే బసవమ్మగారు అడిగే మాట ఒక్కటే. ట్రిప్పులెన్ని అని కాదు, డీజిలెంత అని కాదు.

"రాయి వచ్చిందా?"

వచ్చిందమ్మగారూ అనాలి. రాకపోతే తాళాలు అక్కడ పెట్టి ఇంటికి పోవాలి. అలా పోయినవాళ్ళు ఉన్నారు. పెళ్ళాం పిల్లల్ని తీసుకొచ్చి కాళ్ళ మీద పడేసినా ఆవిడ కరగలేదు.

ఆ రాయి తియ్యడం డ్రైవర్ పని కాదు, క్లీనర్ పని. బండి స్టార్టయి అడుగు ముందుకి కదలగానే క్లీనర్ రాయి లాగి తొట్టిలో పడేసి, బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. ఫట్, ఫట్. రాయి వచ్చింది, ఇక పోనియ్ అని దానర్థం. జ్ఞానయ్యకి క్లీనర్ బాలస్వామి, అదే ఊరివాడు, నోరు తెరిస్తే వేళాకోళం. "అన్నా, నీ భయంలో రోజూ ఓ గరిటెడు నాకెయ్యి, ఇద్దరం సమానంగా బతుకుతాం" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆ రెండు దెబ్బలు విని విని జ్ఞానయ్య కాలికి అలవాటైపోయింది. చెవిలో పడీ పడకముందే క్లచ్ మీద కాలు దానంతటదే లేచేది.

ఆవిడ మంచాన పడ్డాక వ్యవహారం తిరుపతిరావు చేతికొచ్చింది. మంచివాడే, కాదనను. కానీ ఈ రోజుల్లో ఎవడి బండికీ క్లీనర్ లేడు, మనకి మాత్రం దేనికని, ఉన్న క్లీనర్లందర్నీ ఒకే రోజు పంపించేశాడు. ఆ రోజు జ్ఞానయ్య తల ఎత్తితే ఒట్టు. నోరు తెరిస్తే తననీ పొమ్మంటారేమోనని భయం. బాలస్వామి కూడా నిష్టూరం ఆడలేదు. పాత మోపెడ్ మీద కోడిగుడ్ల అట్టలు కట్టుకుని నందిగామ నుంచి తెచ్చి చిల్లకల్లు కొట్లకి వేసుకుంటున్నాడు. దారిలో టిప్పర్ కనపడితే చెయ్యి ఊపుతాడు. జ్ఞానయ్య హారన్ కొడతాడు. కొట్టి, మొహం పక్కకి తిప్పుకుంటాడు.

ఇక జ్ఞానయ్య భయాలన్నిటికీ తలకాయలాంటి భయం రూబీ. ఒక్కతే కూతురు. నందిగామలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది, స్కూటీ మీద హైవేలో పోయొస్తుంది. పొద్దున్నే అద్దాలు తుడిచిస్తాడు, హెల్మెట్ బకిల్ లాగి లాగి చూస్తాడు. "ఎడమపక్క అంచునే రా తల్లీ. తెల్లగీత దాటకు" అంటాడు. "ఆ గీత మీదే ఇల్లు కట్టుకుంటాలే నాన్నా" అంటుంది రూబీ. ఎంత వెక్కిరించినా తండ్రి మాట తీసెయ్యదు, అంచునే వస్తుంది.

ఇంటి ముందు క్రిస్మస్ స్టార్ కట్టిన మర్నాటి సంగతి ఇది. నందిగామ అవతల కంకర దించి జ్ఞానయ్య ఖాళీ బండితో తిరిగొస్తున్నాడు. పొద్దు వాలుతోంది. చిల్లకల్లు ఇంకా రాలేదు, వంతెన దాటి ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డీజిల్ పైపులో గాలి పట్టింది. పాత బండి, హ్యాండ్ బ్రేకు మీద అతనికి నమ్మకం లేదు, అసలతనికి దేని మీదుంది గనక! దిగి తెల్లరాయి తీసి వెనక టైరు కింద ఒత్తిపెట్టాడు. పంపు కొట్టి గాలి తియ్యడానికి కూర్చున్నాడు.

గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయనొకడు ఆగాడు. "ఏమైంది బిడ్డా, ఆగిపోయిందా?" అన్నాడు. మాట చూస్తే సరిహద్దు అవతలి మనిషి. చేతులు తుడుచుకోమని తలగుడ్డ ఇచ్చాడు, సీసాలో నీళ్ళిచ్చాడు, పని అయ్యేదాకా పక్కనే ఉన్నాడు. జ్ఞానయ్య పైకెక్కి తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. బండి అడుగు ముందుకి కదిలింది. ముసలాయన సంబరపడిపోయి బాడీ మీద అరచేత్తో కొట్టాడు.

ఫట్, ఫట్.

పాపం ఆయన పోయిరా అన్నాడు. జ్ఞానయ్య కాలికి మాత్రం రాయి వచ్చిందని తెలిసింది. కిటికీలోంచి చెయ్యి ఊపి, గేరు మార్చి వచ్చేశాడు.

క్వారీ గేటు దగ్గరికి వచ్చేసరికి బ్లాస్టింగ్ వేళయింది. ఆ వేళకి గేటుకి ఎర్రజెండా కడతారు. లోపలికొచ్చిన బండి అది అయ్యేదాకా బయటికి పోకూడదు. ఫోన్లన్నీ ఆపేసి వాచ్‌మన్ ఇశ్రాయేలు దగ్గర బుట్టలో పడెయ్యాలి, పేలుడు మందున్న చోట ఫోన్లు పనిచేస్తే ముప్పని రూలు. జ్ఞానయ్య ఫోన్ బుట్టలో వేసి, ఏటవాలు దారి మీద బళ్ళ వరసలో టిప్పర్ ఆపి, దిగి, రాయి తీద్దామని తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

తొట్టి ఖాళీ.

మొదట అర్థం కాలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి మూలమూలలా తడిమాడు, రాయేమన్నా సూదా తడిమితే దొరకడానికి! బండి చుట్టూ తిరిగాడు. టైర్ల కిందికి వంగి చూశాడు. మరి రెండు దెబ్బలు కొట్టాడు కదా, అనుకున్నాడు. ఎవరు? బాలస్వామి. బాలస్వామి ఎక్కడున్నాడు? గుడ్లు అమ్ముకుంటున్నాడు.

వచ్చిన దారి వైపు తిరిగాడు.

రాయి ఎక్కడుందో కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. ఎడమపక్క అంచున, సరిగ్గా తెల్లగీత మీద. తెల్లరాయి కదా, ఎవరికైనా కనపడుతుందిలే అని మనసుకి చెప్పుకోబోయాడు. తెల్లగీత మీద తెల్లరాయి, ఈ మసకవేళ ఎవడికి కనపడుతుంది? చీకట్లో కనపడాలని తనే పూశాడు ఆ సున్నం. అంచునే రమ్మని తనే చెప్పాడు. స్కూలు వదిలేశారు. రూబీ ఈపాటికి హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించుకుంటూ ఉంటుంది.

గేటు దగ్గరికి పరిగెత్తాడు. "ఇశ్రాయేలూ, ఒక్కసారి ఫోనియ్యి తమ్ముడూ."

"ఇంకెక్కడి ఫోనన్నా, సైరన్ మోగించబోతున్నారు."

"ఒక్క మాట, అమ్మాయికి ఒక్క మాట చెప్పాలి."

"ఏం చెప్పాలి? ఏమైంది?"

ఏమైందో చెప్పలేకపోయాడు. గేటు పక్కన రేకుల షెడ్డు కింద తిరుపతిరావు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. జ్ఞానయ్య అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంటి జ్ఞానయ్యా, ఆ చెమటలేంటి చలికాలంలో?"

"బాబుగారూ, రా..." అన్నాడు. అక్కడే గొంతుకి అడ్డం పడింది. బసవమ్మగారి షెడ్డులో దొంగతనమైనా క్షమిస్తారేమోగానీ రాయి వదిలినవాణ్ణి క్షమించరు. అందులోనూ ఎవరితో చెప్పాలి! రోడ్డు మీద వదిలిన రాయికి తండ్రిని పోగొట్టుకున్నవాడితో. "కడుపులో నొప్పండి" అన్నాడు.

చూశారా మనిషి! కూతురి ప్రాణం అక్కడ రోడ్డు మీద ఉంటే ఇక్కడ ఈయనకి కడుపునొప్పి. పట్టుకుని నాలుగు వాయించాలనిపిస్తుంది. అతనికీ అలాగే అనిపించింది లెండి. చెప్పినా గేటు తియ్యరు, ఎవరు చెప్పినా తియ్యరు, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అది నిజమే. నిజమే అయినా, చెప్పనిది అందుకు కాదని అతనికి తెలుసు.

"బ్లాస్టింగ్ కానీ, నేనే కార్లో ఆస్పత్రికి తీసుకెళ్తా. కూర్చో" అన్నాడు తిరుపతిరావు.

సైరన్ మొదలైంది. ఎన్ని వందలసార్లు విన్నాడో ఆ కూత. ఎప్పుడూ చెవులు మూసుకునేవాడు, ఇవాళ మూసుకోవడం కూడా మర్చిపోయాడు. రేకుల షెడ్డు మూలకి ఒదిగి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రభువా, ఎవరైనా ఆ రాయి చూసి తీసేలా చెయ్యి. ఎవరూ ఆగి తియ్యకపోతే? హైవే మీద ఎవడాగుతాడు? అయితే ప్రభువా, రూబీ కంటే ముందు ఇంకెవరైనా... అని ఆగిపోయాడు. తనేం అడుగుతున్నాడో తనకే తెలిసి ఒళ్ళు జలదరించింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. రూబీ కంటే ముందు ఇంకెవరైనా రానీ తండ్రీ అని పెదాల మీదికి తెచ్చి మరీ అన్నాడు.

కొండ పేలింది. కాళ్ళ కింద నేల ఊగింది, రేకుల మీద మట్టిపెళ్ళలు టపటపా రాలాయి. దుమ్ము తెరలా లేచింది.

జెండా దించగానే ఫోన్ లాక్కుని ఆన్ చేసి రూబీకి కొట్టాడు. రింగవుతోంది. తియ్యలేదు. బండి నడుపుతోందేమో, నడిపేటప్పుడు తియ్యొద్దని తనే చెప్పాడుగా. మళ్ళీ కొట్టాడు. తియ్యలేదు. కారెక్కి కూర్చున్నాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఆ రింగు విన్నకొద్దీ లోపలేదో ఒక్కో బొట్టూ ఇంకిపోతున్నట్టుంది.

"ఎడమచెయ్యి లాగుతోందా? గుండె నొప్పేమోరా ఇది" అన్నాడు తిరుపతిరావు, స్పీడు పెంచుతూ. "భయపడకు. నేనున్నాగా."

ఆ మంచితనానికి జ్ఞానయ్యకి ఏడుపొచ్చింది. కారు చిల్లకల్లు దాటింది. రాయున్నది డివైడర్ అవతలి రోడ్డులో. అతను అద్దానికి మొహం ఆనించి అవతలివైపే చూస్తున్నాడు. ఎదురొచ్చే లైట్లు కళ్ళల్లో పడుతున్నాయి. ఎత్తు దగ్గరికొచ్చేసరికి అవతల జనం. ఫోన్ల లైట్లు. రోడ్డు మీద పచ్చగా, జిగటగా ఏదో మెరుస్తోంది. ఆ లైట్ల మధ్య నేలకి జానెడు ఎత్తులో చిలకాకుపచ్చ గుడ్డ ఒకటి, సగం ఎర్రగా తడిసి.

పొద్దున రూబీ వేసుకెళ్ళిన చున్నీ చిలకాకుపచ్చే.

"ఆపండి! బాబుగారూ, ఆపండి!"

కారు పూర్తిగా ఆగకముందే దూకాడు. డివైడర్ ఎక్కాడు. ఎక్కి, అక్కడే గన్నేరు మొక్కల్లో కూలబడ్డాడు. అవతలికి వెళితే చూడాలి. చూస్తే నిజమవుతుంది. "ఆడపిల్లా?" అని అరిచాడు. "ఎవరండీ? స్కూటీయా? ఆడపిల్లా?"

"కాదన్నా, మగమనిషే" అన్నాడు అవతలి నుంచి ఎవడో.

"స్తోత్రం! ప్రభువా, స్తోత్రం!" అని చేతులెత్తి ఏడ్చాడు జ్ఞానయ్య. నిజంగా, మనస్ఫూర్తిగా, ఆనందంతో ఏడ్చాడు. రూబీ కాదు. రూబీ బతికుంది. అంతలో ఆ మనిషే ఇంకో మాట అన్నాడు.

"గుడ్ల బాలస్వామి. మోపెడ్ రాయెక్కి పడ్డాడు."

ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు దేవుడు. ఇంకెవరైనా అన్నాడుగా!

ఎలా రోడ్డు దాటాడో తెలియదు. పగిలిన గుడ్ల సొన మీద కాలు జారింది. మోపెడ్ పక్కకి పడి ఉంది, ముందు చక్రం వంకరపోయి. రోడ్డు పక్క మట్టిలో బాలస్వామి కాలు చాపుకుని, తువ్వాలు పరిచిన ఎత్తు మీద కూర్చుని ఉన్నాడు. మోకాలికి చిలకాకుపచ్చ చున్నీ, నెత్తురు చిమ్మి ఎర్రగా. మొహం పాలిపోయి ఉంది. జ్ఞానయ్యని చూసి, నొప్పిలోనే నవ్వాడు.

"రూబీ..." అన్నాడు జ్ఞానయ్య.

"నా వెనకాలే వచ్చిందన్నా. పిల్లకేం కాలేదు. చున్నీ కట్టి, ఆటో తెస్తానని ఊళ్ళోకి పోయింది. ఫోను డిక్కీలోనే మోగింది, చూసుకోలా." తర్వాత జ్ఞానయ్య మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో అన్నాడు, "అరవకు. రాయి నా కిందే ఉంది."

"ఆఁ?"

"పడ్డాక లేవలేకపోయా. వెనక బళ్ళొస్తున్నాయిగా, పాక్కుంటూ పోయి లాగి ఇవతల పడేశా. అప్పుడు చూశా, మన రాయి. తువ్వాలేసి దాని మీదే కూర్చున్నా. పిల్ల చూసిందంటే ఇట్టే గుర్తుపడుతుంది కదా." ఊపిరి బిగబట్టి మోకాలు కాస్త జరుపుకున్నాడు. "నువ్వు వెనక్కొస్తావని తెలుసు. నీ భయం నాకు తెలవదా? ఎవడన్నా బాడీ మీద కొట్టాడా?"

జ్ఞానయ్య తల ఊపాడు.

ఇంతలో తిరుపతిరావు డివైడర్ దాటి వచ్చాడు. తన దగ్గర పనిచేసిన మనిషే, గుర్తుపట్టాడు. "ఏమైందిరా బాలస్వామీ?"

"రోడ్డు మీద రాయండి. ఏదో లారీవాడు వదిలేసి పోయాడు" అన్నారు జనంలోంచి.

తిరుపతిరావు మొహం మారిపోయింది. "ఏ బండి? ఏ దరిద్రుడు?" అన్నాడు పళ్ళు కొరుకుతూ. "ఆ రాయేది?"

"కాలవలోకి దొర్లించేశానండి" అన్నాడు బాలస్వామి, కన్ను కూడా ఆర్పకుండా. "చీకటి కదండీ, ఏ రాయో ఏమో. పై ఊరి బండి అయ్యుంటుంది."

రూబీ స్కూటీ వచ్చి ఆగింది, దాని వెనకే ఆటో. తండ్రిని చూసి, "నాన్నా, నీకెవరు చెప్పారు?" అంది ఆశ్చర్యంగా. జ్ఞానయ్య కూతుర్ని తల నుంచి కాళ్ళ దాకా చూసుకున్నాడు. బకిల్ పెట్టుకునే ఉంది. అక్కడే, అందరి ముందూ, కూతురి మొహం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. రూబీ సిగ్గుపడి విడిపించుకుంది.

"లే బాబాయ్, ఆటో వచ్చింది."

"మీరంతా ఆటో దగ్గరికి పదండమ్మా, అన్న నన్ను లేపుతాడు" అన్నాడు బాలస్వామి. జ్ఞానయ్య వంక కళ్ళతోనే సైగ చేశాడు. వాళ్ళు అటు తిరగ్గానే రాయిని కాలితో పొదలోకి తన్నెయ్యమని. తేలికైన పని. ఎవరికీ తెలియదు. రేపు పొద్దున తాళాలు తీసుకుని మామూలుగా డ్యూటీకి పోవచ్చు. జ్ఞానయ్య బతుకంతా ఇలాంటి తేలిక దారుల్లోనే నడిచింది. క్లీనర్లని పంపించినరోజు తల దించుకోవడం కూడా తేలికే అయింది.

బాలస్వామి చంకల కింద చేతులు వేశాడు. లేపాడు.

"వద్దన్నా" అన్నాడు బాలస్వామి, అతని మొహం చూసి సంగతి అర్థమై.

జ్ఞానయ్య కాలితోనే తువ్వాలు పక్కకి లాగాడు.

"రాయి నాదేనండి బాబుగారూ" అన్నాడు. "నేనే వదిలేశా. కడుపునొప్పి అబద్ధం."

అందరూ చూశారు. ఫోన్ల లైట్లలో తెల్లగా రాయి, దాని మీద వెలిసిపోయిన పసుపు బొట్టు. "నాన్నా..." అంది రూబీ. ఇంకేమీ అనలేదు. ఒక్క మాట తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

తిరుపతిరావు ఆ బొట్టు వంకే చూస్తూ నిలబడ్డాడు. జ్ఞానయ్య ఒక చేత్తో బాలస్వామిని పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి బండి తాళాలు తీసి ఇచ్చాడు. ఆయన తీసుకున్నాడు. తీసుకుని గుప్పిట్లో బిగించాడు. కొడతాడేమో అనుకున్నాడు జ్ఞానయ్య. కొట్టినా సరే అనుకున్నాడు.

"వెనక దెబ్బ కొట్టిందెవడు?" అన్నాడు తిరుపతిరావు చివరికి.

"గొర్రెల కాపరండి, ఎవరో పెద్దాయన. మన బాలస్వామి అనుకున్నా. వెనక ఎవరూ లేరని గుర్తులేదండి."

తిరుపతిరావు బాలస్వామి మోకాలి వంక చూశాడు. చూపు అక్కణ్ణుంచి కదల్లేదు. "అమ్మ ఇప్పటికీ అడుగుతూనే ఉందిరా" అన్నాడు. "మంచంలో పడుకుని రోజూ అడుగుతుంది, రాళ్ళన్నీ వచ్చాయా అని. వచ్చాయమ్మా అంటా. ఏనాడూ వెళ్ళి చూడలా. తీసే మనుషుల్ని నేనే పంపించేసి, వచ్చాయమ్మా అంటన్నా."

ముందుకొచ్చి బాలస్వామిని రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆటోలో కూర్చోబెట్టారు. స్కూటీ అక్కడే వదిలి రూబీ పక్కనెక్కి, గాయమైన కాలు ఒళ్ళో పెట్టుకుంది.

"రాయి నా కార్లో పెట్టు" అన్నాడు తిరుపతిరావు. "ఇవాళ అమ్మకి చూపించి, ఉన్నదున్నట్టు చెప్తా." తాళాల సంగతి ఆయన ఎత్తలేదు. జ్ఞానయ్య అడగలేదు.

ఆటోవాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. బాలస్వామి నొప్పికి కళ్ళు మూసుకునే ఉన్నాడు, అయినా చెయ్యొకటి బయటికి చాచి, అలవాటుకొద్దీ ఆటో రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. ఫట్, ఫట్. ఆటో కదిలింది.

జ్ఞానయ్య కాలు కూడా దానంతటదే కదిలింది. కానీ ఆపుకున్నాడు. ఆగి, రాయిని రెండు చేతుల్తో ఎత్తి గుండెకి ఆనించుకుని, వెనక్కి తిరిగాడు. రోడ్డు పక్కనే నడుస్తూ, వంగి, తెల్లగీతని కనుచూపు మేర ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. గుడ్డు పెంకులు తప్ప ఏమీ లేవు. ఆటో లైటు అప్పటికే దూరంగా పోయింది, వినపడదని తెలుసు. అయినా పైకే అన్నాడు.

"వచ్చిందిరా బాలస్వామీ. రాయి వచ్చింది."